బాపు పాదాలు, నరాల గోలీలు

ఆ మధ్యాహ్నం మా బాపు బొగ్గు గని నుంచి ఒక కాలికే చెప్పుతో వచ్చాడు. రెండోది ఆటో దిగిన చోటే ఊడిపోయింది. నేను చెప్పేదాకా ఆయనకు తెలియదు.

"మొద్దుబారింది బిడ్డా. బూట్లల్ల తిరిగి తిరిగి గట్లనే అయితది."

ఆ మాట విని మా మామ, అంటే అమ్మ తమ్ముడు, నరాలకు మంచివట అని ఒక డబ్బా మందు గోలీలు తెచ్చాడు. డబ్బా మీద ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అని ఉంది. నేను ఎవరికీ చెప్పకుండా దాని గురించి చదివాను. అది నరాల కణాల పైపొరలో ఉండే కొవ్వు. పొర బాగుంటేనే నరం కబురు మోస్తుంది, నిజమే. కానీ మింగిన కొవ్వు పాదంలో చెడిన నరాన్ని బాగుచేస్తుందనడానికి గట్టి ఆధారం నాకెక్కడా కనిపించలేదు. చక్కెర జబ్బో, బి12 లోపమో ఉందేమో, ముందు రక్తం చూపించాలి. ఆ మాట బాపుకు చెప్పలేదు.

మా గనుల్లో కార్మికుడు వైద్య పరీక్షలో అన్‌ఫిట్ అయితే అతని ఉద్యోగం పిల్లలకు రావచ్చు. మామ ఆ సంగతే ఎత్తాడు.

"గోలీలు పనిచేస్తే మంచిదే బావా. చెయ్యకున్నా మంచిదే, నా మేనకోడలికి నౌకరీ అయితది!"

"నా కాళ్లు సచ్చినంక మీకు పండుగనా?" అన్నాడు బాపు.

ఇక నేను దవాఖాన అంటే ఆయనకు 'నీ నౌకరీ నాకియ్యి' అని వినిపిస్తుందని భయపడ్డాను.

వారం తిరక్కముందే ఆయన మేజోడు మీద రక్తం కనిపించింది. బూటులో పడ్డ బొగ్గు పెళ్ల షిఫ్టంతా మడమను కోసింది. ఆయనకు తెలియనే లేదు. మర్నాడు అదే పుండు మీద బూటు ఎక్కిస్తున్నాడు.

"గోలీలు ఏస్కుంటున్న గదా, మానుతది."

"నాకు నీ నౌకరీ వద్దు బాపూ!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నీ కాలు కావాలె. దవాఖానకు పోదాం పా."

ఆటోలో ఆయన నా వైపు చూడలేదు.

డాక్టరమ్మ పుండు కడిగి కట్టు కట్టింది. గోలీల డబ్బా తిప్పి చూసి, "వీటిని నమ్ముకొని కూర్చోకు కాకా. తిమ్మిరి ఎందుకొచ్చిందో చూడాలె" అంది. కళ్లు మూసుకోమని, సన్నని దారంతో పాదాన్ని తాకింది.

"ముట్టినప్పుడు చెప్పు."

"తెలుస్తంది."

ఇంకోచోట తాకింది. "తెలుస్తంది."

తర్వాత ఆమె చెయ్యి గాలిలోనే ఆగింది.

"తెలుస్తంది," అన్నాడు బాపు, ఇంకా గట్టిగా.

ఆమె నా వైపు చూసింది.

"బాపూ, ఇప్పుడు ముట్టలేదు."

ఆయన కళ్లు తెరవలేదు.

"అన్‌ఫిట్ రాస్తవా అమ్మా?"

"ముందు కాలు నిలబెట్టుకుందాం. రక్తం చూసినంక మిగతా ముచ్చట."

ఆయన ప్యాంటు అంచు పైకి మడిచి కాలు ఇంకొంచెం ముందుకు చాపాడు.

"అయితే మొదటి నుంచి ముట్టు. ఈసారి సక్కగ చెప్త."