మా చర్చి హార్మోనియం పల్లెపాలెం నాటకానికి వెళ్ళిన వైనం

బాగుచేయడానికిచ్చిన హార్మోనియాన్ని తెనాలి నుంచి తెచ్చే పని ఈసారి మగవాళ్ళకి అప్పజెప్పకూడదని మా బాపట్ల చర్చి స్త్రీల సమాజం గట్టిగా అనుకుంది. కిందటిసారి తెచ్చిన పెద్దమనిషి దాన్ని సీటు కింద పెట్టుకుని, దానిమీద కాళ్ళు చాపుకుని నిద్రపోయి, చీరాలలో లేచాడు. వాయించేదాన్ని నేనే కాబట్టి తెచ్చే పని కూడా నా నెత్తినే పడింది. ఇది ఎనభైల మధ్యలో మాట. అప్పటికి మిషన్ స్కూల్లో టీచరుగా నాకు పదమూడేళ్ళ సర్వీసు. ఒకరోజు సెలవు చీటీ రాసిచ్చి శనివారం పొద్దున్నే బయల్దేరాను.

"రేపు ఆరాధన వేళకి పెట్టె ఉండాలమ్మా సుగుణమ్మా. రెండు వారాల్నించీ ఒట్టి గొంతులతో లాక్కొస్తున్నాం" అని పాస్టరుగారు ముందే హెచ్చరించారు.

ఆరింటి ప్యాసింజరు కిక్కిరిసి వచ్చింది, బాపట్లలో ఖాళీ అయిపోయింది. ఆరోజు మాఘ పౌర్ణమి. జనమంతా సూర్యలంకలో సముద్రస్నానానికి దిగిపోయారు. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. మీరెవరైనా ఆ రోజున ప్రయాణం పెట్టుకుంటే సముద్రం వైపు కాకుండా ఇటు పెట్టుకోండి, మహారాణిలా వెళ్ళొచ్చు. నిడుబ్రోలు, చుండూరు దాటి ఏడున్నరకల్లా తెనాలిలో దిగాను. స్టేషన్ ఎదురుగా ఇడ్లీ, అల్లం పచ్చడి తిని, ఒక కాఫీ తాగి రిక్షా ఎక్కాను.

హార్మోనియాలు బాగుచేసే మస్తాన్ గారి కొట్టు బజారు వెనక సందులో ఉంది. ఆ సందు చూడటానికైనా తెనాలి వెళ్ళాలి. ఒక అరుగు మీద అట్టకి బంగారు కాగితం అంటించి కిరీటాలు చేస్తున్నారు. పక్కింట్లో జుట్టు దువ్వి జడలు, గడ్డాలు కడుతున్నారు. ఇంకొకాయన గోడకి తెర వేలాడదీసి, దానిమీద రాజుగారి ఉద్యానవనం రంగులతో వేస్తున్నాడు. దర్జీ మిషను మీద సేనాపతి అంగీకి జరీ కుడుతున్నాడు. ఆయన పిల్లల అన్నం కూడా ఆ జరీలోంచే రావాలి.

"స్టేజీ మీద కనబడేది పదిమందేనమ్మా. నాటకం తినిపించేది ఈ సందంతటికీను" అన్నారు మస్తాన్ గారు, మా హార్మోనియం తిత్తి ఊది చూపిస్తూ. "మీ పెట్టెకి ఉప్పుగాలి పట్టేసింది. రీడ్లన్నీ తీసి కడిగాను. తిత్తి ఎలకలు కొట్టేశాయి, కొత్త తోలు వేశాను. ఇంకో ఐదేళ్ళు దిగుల్లేదు. నా సంగతే చెప్పలేను. ఊళ్ళన్నీ వీడియోలు తెచ్చుకుంటున్నాయి. టీవీకి హార్మోనియం ఎందుకు?"

సరిగ్గా అప్పుడే ఒక బక్కపల్చటి మనిషి చెమటలు కక్కుతూ కొట్లోకి వచ్చాడు. పేరు సాంబయ్య. ఈ సందులోనే నాటకాల దుస్తులు అద్దెకిస్తాడు, సొంతంగా ఒక నాటకం కంపెనీ నడుపుతాడు.

"మస్తాన్ గారూ, నా కొంప మునిగిందండి! ఆ హార్మోనిస్టు కుర్రాడు రాత్రెక్కడో గుంటూరవతల వాయించి ఇప్పుడు నిద్రపోతన్నాడంట. ఆళ్ళ తమ్ముడొచ్చి 'అన్నయ్య సాయంత్రం బండికి వచ్చేస్తాడండి' అని చల్లగా చెప్పి పోయాడు!"

"సాయంత్రం వస్తే చాలదా?" అని నేనే అడిగాను. ఊరుకోలేని నోరు నాది.

సాంబయ్య నా వైపు తిరిగి, మళ్ళీ మొదట్నించీ చెప్పుకొచ్చాడు. రేపల్లె అవతల, పెనుమూడి దిగువన, కృష్ణ ఒడ్డున పల్లెపాలెంలో ఇవాళ గంగమ్మ కొలుపు, ఏటా మాఘ పౌర్ణమికి చేసే జాతర. ఆ ఊళ్ళో నాటకం పట్టపగలే ఆడాలి. రాత్రి పోటు తగ్గి నీరు వెనక్కి తీసేటప్పుడు పడవలు సముద్రంలోకి దిగాలి కాబట్టి, మధ్యాహ్నం నాటకం చూసి, సాయంత్రం ఓ కునుకు తీసి, చేపల వేటకి పోతారు. తాతలనాటి ఆనవాయితీ. హార్మోనిస్టు కొత్తవాడు. నాటకమంటే రాత్రే కదా అనుకుని, ముందు రాత్రి ఇంకో ఊరు కూడా ఒప్పుకున్నాడు.

"ఆ ఊరి కుర్రాళ్ళు ఈ ఏడే వీడియో తెద్దామన్నారండి. పెద్దాయన పోలయ్య గారు 'ఈ ఒక్కసారి నాటకం చూద్దాం, బాగాలేదంటే వచ్చే ఏడు మీ ఇష్టం' అన్నారు. ఇవాళ తేలిపోయామంటే ఆ ఊరే కాదు, కరకట్ట వెంట ఊళ్ళన్నీ పోతాయి. మీ పెట్టె ఒక్కపూట ఇప్పించండమ్మా!"

"అది చర్చి పెట్టె. నేను పక్కన లేకుండా ఎక్కడికీ రాదు."

"అయితే మీరే రండి!"

"నాకు పద్యాలు తెలియవు బాబూ. కీర్తనలే వచ్చు."

మస్తాన్ గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "మీ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం పేరు రాసి ఉంటది గదమ్మా. రాగమైతే అదే రాగం గదా."

నిజమే. మోహన, కల్యాణి, ముఖారి అని ప్రతి పాట నెత్తిన ఉంటుంది. చిన్నప్పట్నించీ చూస్తున్నాను, అది ఇలా నా మెడకి చుట్టుకుంటుందనుకోలేదు. పాస్టరుగారి మాట ఒకవైపు, సాంబయ్య మొహం ఒకవైపు, అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. రాత్రి పదింటిలోగా పెట్టెతో సహా బాపట్లలో దించే పూచీ సాంబయ్య మీద వేసి ఒప్పుకున్నాను.

తొమ్మిదిన్నరకి రేపల్లె బండి. ట్రంకు పెట్టెలు, తెరలు, చెక్క కత్తులు, పదిమంది నటులు, పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు హార్మోనియంతో నేను. రాజు వేషం వేసే బసవయ్య గారిది సంగం జాగర్లమూడి. మినుము కోతలు తమ్ముడి మీద వదిలేసి వచ్చిన రైతు. గొంతు విప్పితే రైలుపెట్టె అంతా దద్దరిల్లింది. నా పక్కన కూర్చుని ఆటలో పద్యాలన్నీ వరసగా చెప్పారు. కథ సాంబయ్య నాన్న రాసినదే, ఓడలు పోగొట్టుకున్న ఒక రాజు కథ.

"రాజు సభలోకి వచ్చేటప్పుడు మోహన ఎత్తుకుంటానండి టీచరమ్మా."

"మోహనైతే మాకు క్రిస్మస్ పాట" అని రాసుకున్నాను.

"రాణితో మాట్లాడేప్పుడు కల్యాణి."

"అది పెళ్ళిళ్ళకి పాడతాం."

"ఓడలు మునిగినప్పుడు ముఖారి."

"సమాధి దగ్గర, భూస్థాపనకి."

"సరిపోయిందండి!" అని ఆయన పెద్దగా నవ్వారు.

వేమూరు వచ్చేసరికి మా చుట్టూ జనం మూగారు. వేరుశనక్కాయలమ్మే ఆమె గంప దించి ఇంకో పద్యం వినిపించమంది. భట్టిప్రోలులో దిగాల్సిన ఒక పెద్దాయన దిగలేదు. "దిగితే మళ్ళీ వినలేను గదమ్మా, పల్లికోనలో దిగి నడుస్తాలే" అన్నాడు. పదకొండు కొట్టేలోగా రేపల్లె చేరాం. స్టేషన్ బయట హోటల్లో గబగబా నాలుగు మెతుకులు తిని, కొందరం గూడురిక్షాల్లో, మిగతావాళ్ళు బస్సులో పెనుమూడి వైపు సాగాం. కరకట్ట ఎక్కగానే కృష్ణ కనబడింది. ఆ వెడల్పు చూసి నా భయం కాసేపు మర్చిపోయాను.

పల్లెపాలెంలో పందిరి తెరచాపలతో వేశారు. పాత తెరచాపలు కలిపి కుట్టి, వెదుళ్ళ మీద కట్టారు. పడవ బల్లలు పరిచి స్టేజీ చేశారు. రెండేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములిద్దరు ఆ ఉదయం ఒకే తెరచాపకి చెరో కొస పట్టుకోవాల్సి వచ్చి, "లాగరా", "వదలరా" అనుకుంటూ మాట కలిపేశారట. ఇది నాకు చెప్పి నవ్వింది పోలయ్య గారి భార్య. ప్రతి ఇంట్లో చుట్టాలే. అవతలి ఒడ్డు నుంచి పడవల నిండా జనం దిగుతున్నారు. సోడాల బండ్లు, గాజుల మలారాలు, జంతికల బుట్టలు బారులు తీరాయి. ఈపురుపాలెం నేతగాడొకాయన మంచం మీద చీరలు పరిచి కూర్చున్నాడు.

"నాటకం ఉంటే ఆడవాళ్ళు కొత్త చీర కొనుక్కుంటారండి. వీడియోకైతే ఉన్న చీరతోనే వస్తారు, చీకట్లో ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఊరి ఆడవాళ్ళు చేపలు వేయించి అమ్ముతున్నారు. పక్క ఊరి నుంచి వచ్చిన మా మిషన్ సంఘస్థులు కొందరు, కూలిపనులకి సెలవు పెట్టి మరీ వచ్చినవాళ్ళు, నన్ను చూసి తెల్లబోయారు. "వందనాలండి టీచరమ్మా, మీరేంటి ఇక్కడ?" నేను వాయించబోతున్నానని చెప్పడానికి సిగ్గేసి, పెట్టె చూపించి ఊరుకున్నాను.

ఒంటిగంటకి తెర లేచింది. ముందు వరసలో కుర్రాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో చలాకీ అయినవాడు నాంచారయ్య, వీడియో కావాలన్నది అతనే. పదమూడేళ్ళుగా ఆదివారం ఆదివారం వాయిస్తున్నాను గానీ, బాగాలేకపోతే లేచి వెళ్ళిపోయే సంఘం ముందు ఎప్పుడూ వాయించలేదు.

బసవయ్య గారు కిరీటంతో వచ్చి మోహన ఎత్తుకున్నారు. నేను క్రిస్మస్‌ని తలచుకున్నాను. బాగానే పోతోంది. ఆయన రాగం తీస్తే వెంట వెళ్ళాను, ఆగితే శ్రుతి నిలబెట్టాను. పద్యం అయిపోయింది. హమ్మయ్య అనుకునేలోగా నా చేతులు, నన్ను అడగకుండానే, ప్రతి ఆదివారం ఆరాధన చివర వేసే ఆ బరువైన 'ఆమేన్' వేసేశాయి.

వెనకనుంచి మా సంఘస్థులు అలవాటు కొద్దీ ముక్తకంఠంతో "ఆ...మేన్!" అని పాడారు.

నాకు నదిలో దూకాలనిపించింది. సాంబయ్య తెర పక్కన తల పట్టుకున్నాడు. నాంచారయ్య లేచి నిలబడ్డాడు. అయిపోయింది, అతను వెళ్ళిపోతే ముందు వరసంతా వెళ్ళిపోతుంది, వచ్చే ఏడు ఇక్కడ టీవీయే ఉంటుంది అనుకున్నాను.

బసవయ్య గారు మాత్రం కదల్లేదు. జనం వెనక వరసల వైపు చూసి, రాజఠీవితో కిరీటం సర్దుకుని, "మా సామంతులు ఆమోదించినారు!" అన్నారు.

నవ్వులతో తెరచాపలు ఎగిరిపోతాయా అనిపించింది. నాంచారయ్య రెండు చేతులూ పైకెత్తి "వన్స్ మోర్!" అని అరిచాడు. అందరూ అందుకున్నారు. పద్యం మళ్ళీ పాడారు. చివర నేను చేతులు వెనక్కి లాక్కుంటే ఊరుకోలేదు. "ఆ ఆఖరిది కూడా వెయ్యాలమ్మా!" అని ఆడవాళ్ళ వైపు నుంచి కేకలు. వేశాను. ఈసారి గంగమ్మకి మొక్కేవాళ్ళు, ప్రభువుకి మొక్కేవాళ్ళు కలిసి పాడారు. అక్కడినుంచి రాజు ఏ ఆజ్ఞ ఇచ్చినా సామంతులు ఆమోదించాల్సిందే. ఒక్క ముఖారి పద్యం దగ్గర మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఓడలు మునిగిన సంగతి బసవయ్య గారు పాడుతుంటే ముందు వరసలో మగవాళ్ళు కండువాలతో కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళకి అది కథ కాదు. నేను కూడా ఏడుస్తూనే వాయించాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఐదింటికి ముందే ఆట ముగిసింది. మగవాళ్ళు కునుకు తీయడానికి ఇళ్ళకి బయల్దేరారు. పోలయ్య గారు పళ్ళెంలో తాంబూలం పెట్టి, వచ్చే ఏటికి నాటకం ఖాయం చేసే ఆ పళ్ళేన్ని నాంచారయ్య చేతికే ఇచ్చి స్టేజీ మీదికి పంపారు. మరి వీడియో ఏమైందని నేను అడిగాను.

"వీడియోలో రాజుకి మనం అరిస్తే వినపడదు గదండీ" అన్నాడతను.

ఆరుంబావు బండి రేపల్లెలో అందుకున్నాం. తెనాలిలో దిగగానే బాపట్ల వైపు బండి ఉందని సాంబయ్య కనుక్కుని వచ్చాడు. నటులు రంగు పూర్తిగా కడుక్కోలేదు, చెవుల వెనక ఇంకా గులాబీ రంగే. ఆ ఒక్క మధ్యాహ్నం వల్ల సోడా బండి దగ్గర్నుంచి తెనాలి దర్జీ దాకా ఎందరి పొయ్యిలు వెలిగాయో తలచుకుంటూ కూర్చున్నాను. నాటకమంటే పనిలేనివాళ్ళ సరదా అని స్కూల్లో పిల్లలకి నేనే చాలాసార్లు చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వేమూరు దాటాక సాంబయ్య కండువా ముడి విప్పాడు. అందులో రెండు తాంబూలాలున్నాయి. ఊరు ఎప్పుడూ కంపెనీకి ఒకటే ఇస్తుంది. వాద్యాలవాళ్ళని కుదుర్చుకునేది సాంబయ్యే.

"ఇది మీదండి" అని ఒకటి నా ముందు పెట్టాడు. "పెట్టె టీచరమ్మకి వేరేగా ఇవ్వాల అని పోలయ్య గారు పట్టుబట్టారు. మీరు రాకపోతే నాటకం కూడా వద్దన్నారండి."

ఆకులు పచ్చగా, తడిగా ఉన్నాయి. ఎన్నో పెళ్ళిళ్ళలో, పండగల్లో, సమాధుల దగ్గర వాయించాను. నా పేరు మీద ఎవరూ, ఎప్పుడూ ఒక ఆకైనా ఇవ్వలేదు. టీచర్ని కాబట్టి ఆ సంతోషాన్ని కోపంగా మార్చేశాను.

"సరే గానీ, వచ్చే ఏడు వాళ్ళ పండగ ఆదివారం నాడు రాకుండా చూడమనండి."

"పౌర్ణమిని ఆపడం నా వల్ల కాదమ్మా" అన్నాడు సాంబయ్య దీనంగా. "మీ పాస్టరుగారితో నేను మాట్లాడతాలెండి."

"మీరు మాట్లాడితే ఉన్నదీ చెడుతుంది. నేనే మాట్లాడుకుంటాను" అని, ఆ తాంబూలం రెండు చేతులతో అందుకున్నాను.