శేషాచలానికి విరుగుడు

శేషాచలం ఆట చూసి చప్పట్లు కొట్టినవాడు మద్రాసులో ఒక్కడూ లేడు. గెలిచినా కొట్టలేదు. చదరంగమంటే ప్రాణం పెట్టే ఊరు అది. మంత్రిని బలిచ్చి రాజును పట్టేవాణ్ణి భుజాల మీద మోసే ఊరు. శేషాచలం బల్ల దగ్గరికి మాత్రం జనం వచ్చి, ఒక చూపు చూసి, ఆవులించి, పక్క బల్లకు పోయేవారు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి కాపురం ఎలా ఉంటుందో అతని ఆట అలా ఉండేది. మొదటి గంటలోనే మంత్రులు రెండింటినీ మార్పిడి చేసి బల్ల మీది సందడంతా చల్లార్చేస్తాడు. ఎక్కడో మూల ఎదుటివాడి బంటు దిక్కులేకుండా కనిపిస్తే తినేస్తాడు. ఇక ఆ ఒక్క బంటు లాభాన్ని పట్టుకుని సాయంత్రం దాకా నూరుతాడు, ఎదుటివాడికి విసుగు పుట్టి తప్పు చేసేదాకా నూరుతాడు. మధ్యలో ఎవరైనా డ్రా అడిగితే తల ఎత్తకుండానే అడ్డంగా ఊపుతాడు. మధ్యాహ్నం హాలు బయట మెట్ల మీద కూర్చుని డబ్బాలోని పెరుగన్నం ఒక్కడే తింటాడు.

అతణ్ణి చూస్తే అందరికీ చిరాకు. గురుప్రసాద్‌కు చిరాకు కాదు, పగ. జీవితంలో ఒక్కసారి ఆ మనిషి తన ఎదుట రాజును పడుకోబెట్టి ఓడిపోయానని ఒప్పుకోవాలి. అంతకుమించి గురుప్రసాద్‌కు ఈ భూమ్మీద వేరే కోరిక లేకుండా పోయింది.

మొదట్లో ఇలా లేదు. గురుప్రసాద్ పుట్టింది పెరంబూరులో. తండ్రి రైలుపెట్టెల కార్ఖానాలో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. కార్మికుల రీడింగ్ రూములో పెద్దలు ఆడుతుంటే చూసి నేర్చుకున్న ఆట అతనిది. నేర్చుకున్నదే తడవుగా ఆ పెద్దలనే ఓడించడం మొదలుపెట్టాడు. అదీ మామూలుగా కాదు. గుర్రాన్ని ఇచ్చేవాడు, ఏనుగును ఇచ్చేవాడు, ఒంటి మీద బట్టలు తప్ప అన్నీ ఇచ్చేసి ఎదుటి రాజు మీద పడేవాడు. గెలిచినా జనం చెప్పుకునేవారు, ఓడినా చెప్పుకునేవారు. ఆ పేరు చూసే ఒక పెద్ద ఆఫీసు పిలిచి ఉద్యోగమిచ్చింది. పొద్దున కాసేపు కుర్చీలో కూర్చుని సంతకం పెట్టడం, మిగతా పూటంతా ఆఫీసు చెస్ టీముకు ఆడటం. ఆ టీములోనే తిరువొత్తియూరు శేషాచలం ఉన్నాడు, వయసులో ఐదారేళ్ళు పెద్ద. ఇద్దరూ తెలుగువాళ్ళు, ఒక ఇంటి మనుషుల్లా ఉంటారులే అనుకున్నాడు మేనేజరు జనార్దనం. ఆయన అనుకున్నది తప్పు కాదు. ఒక ఇంటి మనుషుల్లాగే కొట్టుకున్నారు.

తొంభై ఒకటిలో మద్రాసులోనే పెద్ద అంతర్జాతీయ పోటీ జరిగింది. గ్రాండ్‌మాస్టర్ బిరుదు రావాలంటే ఇలాంటి పోటీల్లో మూడుసార్లు గొప్పగా ఆడాలి. ఒక్కోసారి దక్కేదాన్ని నార్మ్ అంటారు. గురుప్రసాద్‌కు మొదటి నార్మ్ అందేంత దూరంలో ఉంది. చివరి ఆటలో డ్రా అయితే చాలు. చీటీలు చూస్తే ఎదురుగా పడింది శేషాచలం.

ఆఫీసు టీముల్లో ఒక ఆచారం ఉంది. ఒకే టీమువాళ్ళు చివరి ఆటలో ఎదురుపడి, ఒకరికి అరపాయింటు అవసరమైతే, నాలుగు ఎత్తులు వేసి, చేతులు కలిపి, కాఫీకి పోతారు. ఎవరూ దాన్ని తప్పనుకోరు. జనార్దనం ముందురోజే శేషాచలంతో మాట్లాడాడు. శేషాచలం అంతా విన్నాడు, ఔననలేదు, కాదనలేదు. విన్నాడు గనక ఒప్పుకున్నాడని జనార్దనం లెక్క వేసుకున్నాడు.

నాలుగు ఎత్తులయ్యాక గురుప్రసాద్ నవ్వుతూ డ్రా అడిగాడు. శేషాచలం తల అడ్డంగా ఊపాడు. పరాచికమనుకుని గురుప్రసాద్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అప్పటికే మంత్రులు మార్పిడి అయిపోయాయి. ఆ తరువాత ఒక బంటు పోయింది. ఇక చెప్పేదేముంది, చీకటి పడేదాకా ఉడుంపట్టు. హాల్లో కుర్చీలు సర్దేవాళ్ళు వచ్చి నిలబడ్డారు. గురుప్రసాద్ రాజును పడుకోబెట్టి లేచేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి.

మెట్ల మీద శేషాచలం చొక్కా పట్టుకున్నాడు. "ఏం మనిషివయ్యా నువ్వు? నీకు ఆ పాయింటుతో ఏమొస్తుంది? ఏమీ రాదు గదా! నా నోటికాడి కూడు ఎందుకు లాగితివి?"

"చొక్కా వదులప్పా," అన్నాడు శేషాచలం. "ఆడేదానికే నేనీడికి వచ్చింది. నీకు కావాల్సింటే గెలుచుకో. అడుక్కునేది ఏంది?"

కడుపు మండింది. ఆ మంట మళ్ళీ ఆరలేదు. గురుప్రసాద్‌కు ఆ తరువాత నార్మ్ అంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. వచ్చినా అందుకునే మనిషి మారిపోయాడు. గుర్రాన్ని ఇవ్వాలని చెయ్యి లేచేది, ఇస్తే ఆ నూరుడుగాడు ఏం చేస్తాడో గుర్తొచ్చి చెయ్యి దిగిపోయేది. ఎదుట కూర్చున్నవాడు ఎవరైనా సరే, శేషాచలమే కూర్చున్నట్టు ఆడటం మొదలుపెట్టాడు. జాగ్రత్త పడ్డాడు. జాగ్రత్తపడ్డ గురుప్రసాద్ ఆటను చూసేందుకు జనం రావడం మానేశారు.

ఇంటికి వస్తే మాత్రం బల్ల పరిచేవాడు. శేషాచలం ఎక్కడ ఆడిన ఆటైనా, పోటీలవాళ్ళు అచ్చువేసే కాగితాలు తెప్పించుకుని, మొదటి నుంచి చివరిదాకా ఆడి చూసేవాడు. ఇష్టమైనవాడి ఆట మరిచిపోతాం గాని గిట్టనివాడి ఆట మరిచిపోం. శేషాచలం ఏ గడిలో ఆలోచిస్తాడో, దేనికి భయపడతాడో, ఎప్పుడు చేతిరుమాలు తీస్తాడో, ఆ మనిషి పెళ్ళానికైనా తెలుసో లేదో గాని గురుప్రసాద్‌కు తెలుసు. అతని భార్య చూడామణి కంచం పెట్టడానికి చోటులేక బల్లను పక్కకు తోసేది.

"దేవుణ్ణి ఇట్టా తలుచుకోనుంటే ఈపాటికి వచ్చి ఎదురుగా నిలబడుండేవాడు," అనేది. "మీకు ఆ మనిషి మింద ఉండే ప్రేమలో పావలా భాగం నా మింద ఉండుంటే నేను అదృష్టవంతురాలినే."

"ప్రేమా? వాడు నాశనమైపోవాల."

"సరి, అయిపోతాడులే. సాంబారు చల్లారిపోతా ఉంది."

మూడేళ్ళు అలా తవ్వగా తవ్వగా, ఒకరోజు దొరికింది. శేషాచలానికి ఒక ఇష్టమైన వరస ఉంది. నల్లపావులతో ఆడితే చాలాసార్లు అందులోకే పోతాడు. మంత్రులు పోయాక అతని ఏనుగు దూరంగా ఒక అంచు బంటును తింటుంది. అందరూ వెంటనే తమ ఏనుగుతో దాని వెంటపడతారు, అది తప్పించుకుని ఇంటికి చేరుతుంది, లాభం శేషాచలానిది. ఇంట్లో బల్ల మీద గురుప్రసాద్ మాత్రం వెంటపడలేదు. బాగా ముందుకు వచ్చి కూర్చున్న తన గుర్రాన్ని వెనక్కి, అది బయలుదేరిన గడికే తెచ్చి పెట్టాడు. చూడ్డానికి చేతకాని ఎత్తు. కానీ ఆ గుర్రం అక్కడుంటే ఏనుగు తిరిగివచ్చే దారి మూసుకుపోతుంది. ఇక రాజు నింపాదిగా నడుచుకుంటూ వెళ్ళి దాన్ని పట్టుకోవచ్చు. తిప్పితిప్పి చూశాడు. తప్పు లేదు. శేషాచలం ఆశపోతుతనానికి సరిగ్గా తగిన విరుగుడు. గురుప్రసాద్ తన జీవితంలో కనిపెట్టిన ఎత్తులన్నిటిలోకీ గొప్పది అదే.

ఆ తరువాతి నెలలోనే ఆఫీసు సెలెక్షన్ ఆటల్లో ఇద్దరికీ పడింది, గురుప్రసాద్‌కు తెల్లపావులు. ఆరోజు అతనికి జ్వరం వచ్చింది. చూడామణి నుదురు తాకి చూసి, "యాడుంది జ్వరం?" అంది. అతను దుప్పటి మీదికి లాక్కున్నాడు.

తొంభై ఐదులో ఎగ్మూరు దగ్గరి హోటల్లో మళ్ళీ అంతర్జాతీయ పోటీ పెట్టారు. శేషాచలానికి అప్పటికే రెండు నార్మ్‌లు ఉన్నాయి. చివరి రోజుకు అతనికి కావలసింది ఒక్క డ్రా. నల్లపావులు, ఎదురుగా యుక్రేన్ నుంచి వచ్చిన గ్రాండ్‌మాస్టర్. శేషాచలాన్ని డ్రా చేయనివ్వకుండా ఆపడం ఎవరి తరం? గ్రాండ్‌మాస్టర్ అయిపోయినట్టేనని ఆఫీసులో పూలదండ కూడా చెప్పిపెట్టారు. దండకు ఎవరు పోవాలన్న దగ్గర మాత్రం ఎవరూ ముందుకు రాలేదట.

గురుప్రసాద్ ఆ పోటీలో ఆడటం లేదు. అయినా పొద్దున్నే హోటలుకు పోయాడు. యుక్రేన్ ఆయన ఒక్కడే కూర్చుని ఇడ్లీని ఫోర్కుతో పొడుస్తున్నాడు. గురుప్రసాద్ జేబులోంచి చిన్న బల్ల తీశాడు. వచ్చీరాని ఇంగ్లీషులో, ఎదుటాయనకూ అదే ఇంగ్లీషు గనక ఇబ్బంది లేకుండా, వరసంతా చూపించాడు. ఏనుగు బంటును తింది. గుర్రం వెనక్కి వచ్చింది. ఆయన ఫోర్కు పక్కన పెట్టాడు. బల్లను తనవైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు. నువ్వెందుకు ఇది ఆడలేదని అడిగాడు. గురుప్రసాద్ భాష అర్థంకానట్టు నవ్వి లేచి వచ్చేశాడు.

మధ్యాహ్నం హాల్లో అతను జనాన్ని ఆపే తాడుకు ఇవతల నిలబడి చూశాడు. శేషాచలం పాతదారిలోనే నడిచాడు. మంత్రులు పోయాయి. ఏనుగు అంచుకు వెళ్ళి బంటును తింది. శేషాచలం చేతిరుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. యుక్రేన్ ఆయన పెద్దగా ఆలోచించకుండానే గుర్రాన్ని ఎత్తి వెనక్కి పెట్టాడు.

శేషాచలం ఆ గుర్రాన్ని చూశాడు. తరువాత, ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాడు. తల ఎత్తాడు. ఎదుట కూర్చున్నవాణ్ణి చూడలేదు. తాడు అవతలి జనంలో ఒక్కొక్క ముఖమే వెతుక్కుంటూ వచ్చి గురుప్రసాద్ దగ్గర ఆగాడు. గురుప్రసాద్‌కు సంతోషం పట్టలేకపోయింది. అబద్ధమెందుకు, పెళ్ళిరోజున కూడా అంత సంతోషం లేదు.

శేషాచలం చీకటి పడేదాకా పట్టుకుని వేలాడాడు, కానీ పోయిన ఏనుగు తిరిగి రాలేదు. ఓడాడు. బిరుదు పోయింది. జనం మొదటిసారి అతని ఆటకు చప్పట్లు కొట్టారు, ఓడినందుకు. గురుప్రసాద్ బయట టీ కొట్టు దగ్గర రెండో టీ తాగుతుంటే, డబ్బా చంకలో పెట్టుకుని శేషాచలం వచ్చాడు.

"ఆ మూవ్ ఆయనది కాదు. నీది."

"ఎవరిదైతే ఏమి? ఓడితివి గదా."

"ఓడితిని. మంచి మూవే. నా మింద అట్టాంటి మూవ్ ఆడేవాడు ఈ ఊర్లో లేడనుకొనుంటిని." ఆగాడు. "అంత మంచి మూవ్ చేతిలో పెట్టుకోని, తెల్లోడికి తినిపిస్తివే! నీకు సిగ్గుగా లేదా? రేపు పుస్తకాల్లో ఆయన పేరుతో అచ్చేస్తారు. నువ్వు ఈడ సుమ్మా, ఊరికే, టీ తాగతా ఉండు."

"నీకు బిరుదు పోయింది. అది చాలు నాకు."

"బిరుదుకేమప్పా, వచ్చే ఏడాది వస్తుంది. మనకి మళ్ళా పడకుండా పోదు. అప్పుడు నువ్వే ఆడు. జ్వరం తెచ్చుకోబాక."

గురుప్రసాద్ టీ గ్లాసును బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు. అప్పటికే శేషాచలం బస్‌స్టాపు వైపు పోతున్నాడు.

అన్నట్టే మరుసటి ఏడు ఏదో విదేశంలో ఆడి బిరుదు తెచ్చుకున్నాడు. ఊరి పేరు చెన్నైగా మారిన ఏడాదే అది. ఆఫీసులో శాలువా కప్పారు. కప్పినవాడి మొహాన తప్ప ఎవరి మొహానా నవ్వు లేదు. ఆ వేడి చల్లారకముందే ఆఫీసు చాంపియన్‌షిప్పు వచ్చింది. గురుప్రసాద్‌కు తెల్లపావులు, ఎదురుగా గ్రాండ్‌మాస్టర్ శేషాచలం. ఈసారి జ్వరం రాలేదు. చూడామణి ఇస్త్రీ చొక్కా అందిస్తూ, "గెలిచి రండి. లేదంటే ఓడి రండి. ఏదో ఒకటి చేసి ఈ పీడ వదిలించుకోని రండి," అంది.

టీము మొత్తం ఆ బల్ల చుట్టూ చేరింది. జనార్దనం కుర్చీ లాక్కుని మరీ కూర్చున్నాడు. శేషాచలం ఎత్తు తరువాత ఎత్తు అదే వరసలోకి నడిచాడు. మంత్రులు పోయాయి. ఏనుగు అంచుకు వెళ్ళింది. బంటును తింది. శేషాచలం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

గుర్రం వెనక్కి పోవాలి. అంతే. మూడేళ్ళు కంచం పక్కన బల్ల పెట్టుకుని వెతికి పట్టిన ఎత్తు. నిద్రలో లేపినా ఆడగలడు. కోరిక తీరేది ఇక్కడే, ఇప్పుడే. గురుప్రసాద్ చెయ్యి గుర్రం దాకా వచ్చి ఆగింది. ఒకసారి కాలిన పిల్లి మళ్ళీ పొయ్యి దగ్గరికి వస్తుందా? గ్రాండ్‌మాస్టర్ కదా, ఏడాది ఊరికే కూర్చుని ఉంటాడా? దీనికి మందు కనిపెట్టే వచ్చాడు. అందరి ఎదుటా తన ఎత్తుతోనే తనను చంపుతాడు. ఆ మెట్ల మీది సాయంత్రం మళ్ళీ. ఇలా అనుకున్నకొద్దీ బల్ల మీద లేని ఉచ్చులన్నీ కనిపించసాగాయి. గడియారం తిరుగుతోంది. జనార్దనం దగ్గాడు.

గురుప్రసాద్ తన ఏనుగును ఎత్తి, అందరూ ఆడేలాగే, వెంటపడ్డాడు. ఆ చెయ్యి తీయకముందే, "డ్రా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. శేషాచలం డ్రా ఇవ్వడమేమిటి? కానీ శేషాచలం, "సరి," అని చెయ్యి చాపాడు. చేతులు కలిపారు. గుంపు నిరాశగా విడిపోయింది. జనార్దనం కాఫీ అంటూ లేచాడు. బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. శేషాచలం పావులను పెట్టెలో సర్దుతున్నాడు.

గురుప్రసాద్ ఉండబట్టలేకపోయాడు. "గుర్రం వెనక్కి పెట్టుంటే ఏం ఆడుండేవాడివి?"

"ఏముంది ఆడేదానికి? ఏడాది వెతికితిని. దానికి జవాబు లేదప్పా."

"లేదా? మరి ఎందుకు తింటివి ఆ బంటును?"

శేషాచలం ఆ తెల్లగుర్రాన్ని కూడా పెట్టెలో వేసి మూత బిగించాడు.

"నువ్వు ఆడవని తెలుసు గనక," అన్నాడు.