గడీ ముందర చెప్పులు

ఎనభైల నాటి మాట. నకిరేకల్‌లో బస్సెక్కిన ఒక ముసలమ్మ నా పక్కన కూర్చుని తోలు చెప్పుల జతను ఒళ్ళో పెట్టుకుంది. చెప్పులు పాతవే, కానీ అడుగు అరగలేదు. ఆమె పాదాలేమో పగిలి మట్టికొట్టుకుని ఉన్నాయి.

"తొడుక్కోరాదు అవ్వా?" అన్నాను.

"తొడుగుత తియ్. గీడ గాదు," అని కసురుకుంది.

దారిలో కోటలాంటి దొరవారి పాత గడీ వచ్చింది. చెక్కిన తలుపుల ఆ గడీ అందమైనదని అంతవరకూ అనుకునేవాణ్ణి. ముసలమ్మ లేచి "ఆపు!" అని అరిచింది.

"నీ ఊరింకా ముందున్నదే అవ్వా. గీ ఎండల ఏడికి నడుస్తవ్?" అన్నాడు కండక్టరు.

"నడుస్త. నీకేం నొప్పి? గీ గడీ ముంగట మేం చెప్పులు చేతుల పట్టుకొని పోయేటోళ్ళం. తొడుక్కొని పోయిండని మా ఇంటాయనను తుమ్మచెట్టుకు కట్టి కొట్టిండ్రు. గా దెబ్బలకే సచ్చిండు. ఎర్రజెండ సంగపోళ్ళు వచ్చిండ్రు, మిల్ట్రీ వచ్చింది, రజాకార్లు పోయిండ్రు, నైజాం పోయిండు. సంగపోళ్ళకు బయపడి పారిపోయిన దొర మాత్రం ఖద్దరేసుకొని మళ్ళొచ్చి మమ్ములనే ఓట్లడిగిండు. థూ!"

కండక్టరు బెల్లు కొట్టి బస్సు ఆపించాడు.

ఆమె దిగి, గడీ గోడ మొదట్లో చెప్పులు తొడుక్కుంది. గొర్రెల మంద అడ్డొచ్చి బస్సు కదల్లేదు. కిటికీలోంచి చూశాను. అలవాటు లేని కాళ్ళు తడబడుతున్నా, మూసిన ఆ తలుపుల ముందు నుంచి చెప్పులు టపటపలాడిస్తూ నడిచింది.

గోడ అయిపోగానే చెప్పులు విప్పి, దులిపి, చంకన పెట్టుకుని, కాలే రోడ్డు మీద ఉత్తకాళ్ళతో ఊరిదారి పట్టింది.