చూపుకి అంటదండీ

మా కాంపౌండరు గారు పోయిన కబురు నాకు పోస్ట్‌మాన్ చెప్పాడు. అదీ తప్పుగా చెప్పాడు.

కార్డు మీద వచ్చిన ఉత్తరాన్ని ముందు తను చదవకుండా మా పోస్ట్‌మాన్ ఎవరికీ ఇవ్వడు. చదువురాని ఇళ్ళలో చదివిపెట్టీ పెట్టీ పట్టుబడిన అలవాటు కాబట్టి నేనెప్పుడూ కోప్పడలేదు. మొన్న గురువారం సైకిలు దిగకుండానే కార్డు ఊపుతూ, "మాస్టారూ, పామర్రు నుంచండీ. ఎవరో పెద్దాయన నిద్రపోయారంట. నిద్రపోతే కూడా కార్డు రాస్తారేంటండీ?" అని నవ్వాడు.

నేను మాస్టారిని కాను. మూడో తరగతి దాటలేదు. చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని నాది. కుట్టే ముందు చదువుతాను. అలా నలభై ఏళ్ళలో అబ్బిన చదువు అబ్బింది. నా దగ్గరికి వచ్చేవి ముందో వెనకో పేజీలు ఊడిన పుస్తకాలు కాబట్టి నా పరిజ్ఞానమూ అలాగే ఉంటుంది. చాలా సంగతులు మధ్య నుంచి మధ్య దాకా తెలుసు. అయినా వీధిలో మాస్టారూ అంటే పలుకుతాను.

కార్డు తీసుకుని చూశాను. కాంపౌండరు గారి తమ్ముడి కూతురు రాసింది. "మా పెదనాన్న గారు సోమవారం తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు. అదే సాయంత్రం సమాధి చేశాము. మీకు తెలియజేయమని ముందే చెప్పి ఉన్నారు."

"నిద్రించారంటే పోయారని, బాబూ. క్రైస్తవులు అలా రాస్తారు. పోయింది కాంపౌండరు గారు" అన్నాను.

అతను పెడలు మీది కాలు కిందికి దించాడు. "అయ్యో... మన కాంపౌండరు గారా? ఆయన నా కళ్ళు కూడా చూశారండీ" అన్నాడు. తర్వాత మిగతా ఇళ్ళకి గంట కొట్టకుండానే ఉత్తరాలు పడేసి వెళ్ళాడు.

ఆయన ఎవరి కళ్ళు చూడలేదు గనక! బెజవాడలో ఏలూరు కాలవ దగ్గర మా వీధిలో, ఒకే గోడకి అటు ఆయన వాటా, ఇటు నా వాటా. ఒక కళ్ళ డాక్టరు దగ్గర ముప్ఫై ఏళ్ళు కాంపౌండరుగా చేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. గోడకి అటు మేకు కొడితే ఇటు సున్నం రాలేది, మా మధ్య రహస్యాలంటే అంతవరకే. ఎవరితో మాట్లాడుతున్నా, మాట మధ్యలో బొటనవేలితో అవతలి మనిషి కింది రెప్ప లాగి చూడటం ఆయన అలవాటు. కూరలమ్మే ఆవిడైనా ఒకటే, బ్యాంకు గుమస్తా అయినా ఒకటే. "రక్తం చాల్లేదండీ, ఆకుకూర తినండి" అని, వదిలిన మాట మళ్ళీ అందుకునేవారు. ఎలా ఉన్నారని ఆయన నన్ను నోటితో అడిగిన గుర్తు లేదు.

ఆ బొటనవేలిని ఆయన మానుకున్నది ఒక్క కళ్ళకలక రోజుల్లోనే. అది చెప్పాలి.

ఏడెనిమిదేళ్ళయింది. ఏటా వేసవిలో వచ్చిపోయే కలక కాదది. సముద్రాలు దాటి దేశాలన్నీ తిరిగి వస్తోందని పేపర్లో రాశారు. అంత దూరం నుంచి వస్తున్నదని తెలిసి మా ఊళ్ళో మొదట కొంత గౌరవం కూడా చూపించారు. "మా వీధిలో ఇంకా ఎవరికీ రాలేదండీ" అని చెప్పుకోవడం మొదటి వారం గొప్ప. పదిరోజులు తిరక్కుండానే ఇంటింటికీ లెక్కలు మొదలయ్యాయి. ఎవరింట్లో ఎందరు, మొదట ఎవరికి, వాళ్ళు ఎక్కడికి వెళ్ళొచ్చారు... పాలవాడి దగ్గర ఇదే మాట, కుళాయి దగ్గర ఇదే మాట. కష్టం పెరుగుతున్న కొద్దీ మనుషులు దగ్గరవుతారని నేనొక పుస్తకం మధ్యలో చదివాను. చివరి పేజీలు లేవు గాని, ఆ రచయిత బెజవాడ వచ్చి ఉండడు.

ఎవరు పుట్టించారో గాని ఒక మాట పుట్టింది. ఎర్రకన్ను వాణ్ణి చూస్తే అంటుకుంటుంది. తాకనక్కర్లేదు, చూస్తే చాలు. ఇంకేముంది! పేవ్‌మెంటు మీద నల్లద్దాలు అమ్మేవాళ్ళ బుట్టలు మధ్యాహ్నానికి ఖాళీ. రిక్షావాళ్ళకి నల్లద్దాలు, ముత్తైదువలకి నల్లద్దాలు. సిటీ బస్సులో కండక్టరు పైకప్పు కేసి చూస్తూ టికెట్టు కోసేవాడు. మా కాంపౌండరు గారి ఆస్పత్రి ముందు వరసలో జనం ఒకరికొకరు వీపులు పెట్టి నిలబడేవారు. సినిమాకి మాత్రం తగ్గలేదు. చీకట్లో ఎవరి కళ్ళు ఎవరికీ కనపడవు కాబట్టి అంటదని వాళ్ళ ధైర్యం.

మా ఎదురింట్లో ఆ రోజుల్లోనే పెళ్ళిచూపులు జరిగాయి. పిల్లవాడూ నల్లద్దాలు పెట్టుకొచ్చాడు, పిల్లా పెట్టుకుని కూర్చుంది. "అద్దాలు తియ్యమనండమ్మా, అమ్మాయి కళ్ళు చూస్తాం" అంది పిల్లవాడి మేనత్త. "ముందు మీవాణ్ణి తియ్యమను!" అంది పిల్ల నాయనమ్మ. ఇద్దరూ తియ్యలేదు. సంబంధం కుదిరింది, ఇప్పటికీ అన్యోన్యంగానే ఉన్నారు. దాని మీద నాకొక అభిప్రాయం ఉంది గాని, ఇక్కడ అనవసరం.

కాంపౌండరు గారు మాత్రం అద్దాలు పెట్టుకోలేదు. రోజంతా ఎర్రకళ్ళలోకే చూస్తూ చుక్కలు వేసి, మనిషికీ మనిషికీ మధ్య సబ్బుతో చేతులు కడుక్కునేవారు. కడిగీ కడిగీ వేళ్ళ సందులు పగిలిపోయాయి. కనపడిన వాళ్ళందరికీ ఒకటే చెప్పేవారు. "చూపుకి అంటదండీ, చేతికి అంటుద్ది. కళ్ళు కళ్ళల్లో పెట్టండి, చేతులు జేబుల్లో పెట్టండి."

"మరి మీకెందుకు రాలేదండీ?" అని అడిగాడు టీకొట్టు అబ్బులు.

"సబ్బు."

"మా దగ్గర దాస్తారేంటండీ! మీ చర్చిలో ఏదో నూనె ఇస్తారంటగా?"

"నూనె కూడా సబ్బుతోనే వదులుద్దిరా!"

ఎవరికీ నమ్మకం కుదరలేదు. అందరిళ్ళలోనూ ఉండే వస్తువు మందెలా అవుతుంది?

నవ్వుతూ చెబుతున్నాను గాని, నమ్మనివాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పటికి మా ఆవిడ మంచం పట్టి నాలుగు నెలలు. గుండె జబ్బు. "ఇంటికి తీసుకెళ్ళండి, అడిగింది పెట్టండి" అన్నాడు పెద్ద డాక్టరు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు, తనకీ తెలుసు. ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలియనట్టు ఉండేవాళ్ళం. పిల్లలు లేరు మాకు. తోడుగా ఉండటానికి మా ఆవిడ అక్క, వదినగారు, ఊరి నుంచి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక పొద్దున నా రెప్పలు అతుక్కుపోయి తెరుచుకోలేదు.

వదినగారు క్షణం ఆలస్యం చెయ్యలేదు. గదికి అడ్డంగా పాత చీర కట్టేసింది. "మరిదిగారూ, మీకు దణ్ణం పెడతాను. ఆ కళ్ళతో దాన్ని చూడకండి. ఉన్న ఓపికా పోతుంది" అంది.

వెళ్ళి చీరకి ఇవతల గోడకేసి తిరిగి కూర్చున్నాను. చెబితే సిగ్గుగా ఉంటుంది, ఐదు రోజులు అలాగే కూర్చున్నాను. అటు నుంచి తను పిలిచేది.

"ఏవండీ, ఉన్నారా?"

"ఉన్నా."

"తిన్నారా?"

"తిన్నా."

"ఏం కూర?"

"దొండకాయ."

"అక్క ఉప్పెక్కువ వేసుంటుంది."

కాసేపు ఆగి మళ్ళీ, "ఏవండీ, ఉన్నారా?"

తను ఉండేది ఇంకెన్ని రోజులో తెలియదు. నా కళ్ళు తగ్గటానికి ఇంకెన్ని రోజులో తెలియదు. ఆ రెంటిలో ఏది ముందో ఆలోచిస్తూ గోడ మీది సున్నం చూస్తూ ఉండేవాణ్ణి.

కాంపౌండరు గారికి ఈ ఏర్పాటు తెలియదు. ఆస్పత్రి కిటకిటలాడుతుండటంతో ఆ వారం ఇంటికే సరిగా రాలేదు. ఆరో రోజు సాయంత్రం వాకిట్లోకి వచ్చి నన్ను చూసి, "అదేంటండీ, గోడకేసి కూర్చున్నారు? గోడక్కూడా కలక వచ్చిందా?" అన్నారు. సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. చీర పక్కకి లాగేశారు.

వదినగారు అడ్డం వచ్చింది. "ఏమయ్యా, రేపు దానికేమన్నా అయితే నీదా పూచీ?"

"కళ్ళకేమన్నా అయితే నాదే పూచీ అమ్మా. మిగతాది నా చేతుల్లో లేదు, మీ చేతుల్లోనూ లేదు." తర్వాత నా వైపు తిరిగి, "లేవండి. వెళ్ళి చూడండి. చూపుకి అంటదండీ. చేతులు మాత్రం జేబుల్లో పెట్టుకోండి" అన్నారు.

"పంచెకి జేబులెక్కడివండీ?"

"అయితే వెనక్కి కట్టుకోండి!"

చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా మంచం దగ్గర నిలబడ్డాను. ఐదు రోజుల్లో ఎంత చిక్కిపోయింది! తను నన్ను కిందా మీదా చూసి, "కళ్ళు మిరపకాయల్లా ఉన్నాయండీ" అంది. తర్వాత, "గడ్డం గీసుకోలేదేం?" అంది. చూసుకుంటూ ఉండిపోయాం. పాతికేళ్ళ కాపురంలో అంతసేపు ఒకరి మొహం ఒకరం ఎప్పుడూ చూసుకుని ఉండం. పనులుంటాయి కదా.

నాలుగు రోజులు అలా చూశాను. నాలుగో రోజు తను చెయ్యి చాపింది. నేను వెనక్కి కట్టుకున్న చేతులు విడదీయకుండా, అప్పుడే చూసిపోవడానికి వచ్చిన కాంపౌండరు గారి కేసి చూశాను. ఆయన నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, చెంబుతో నీళ్ళు పోస్తూ, నా చేతులు తన చేతులతో మూడుసార్లు సబ్బు పెట్టి కడిగారు. గోళ్ళు కూడా. గాలికి ఆరేదాకా పట్టుకుని, "ఇప్పుడు పట్టుకోండి" అన్నారు. పట్టుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం తను వెళ్ళిపోయింది. కళ్ళు చివరిదాకా తెల్లగానే ఉన్నాయి.

వీధిలో వాళ్ళు వచ్చారు. వాకిలి దాటి లోపలికి రాలేదు. అందరికీ నల్లద్దాలు, లేనివాళ్ళకి ఎర్రకళ్ళు. కలకో కన్నీళ్ళో తెలియదు. ఊరంతా మా ఆవిడ కోసమే ఏడ్చినట్టుందని అప్పుడే అనిపించింది. ఆ సమయంలో కూడా ఇలాంటి మాటలు తట్టే బుద్ధి నాది. నా మొహంలోకి చూసిన మనిషి మాత్రం ఆ రోజు ఒక్కరే.

తర్వాత నాలుగైదేళ్ళు ఆయన రోజూ మధ్యాహ్నం నా కొట్టు దగ్గరికి వచ్చి, జిగురు ఆరేదాకా కూర్చుని, నా రెప్ప లాగి చూసి వెళ్ళేవారు. రిటైరయ్యాక పామర్రులో తమ్ముడి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కణ్ణించి కార్డులు రాసేవారు. ప్రతి కార్డులోనూ చివర ఒకటే వాక్యం. "వీలు చూసుకుని ఒకసారి వచ్చి చూసిపోండి."

రెండేళ్ళు. బస్సెక్కితే పామర్రు ఎంత దూరం? కారణం అడిగితే బైండింగు పని అని చెప్పేవాణ్ణి. అసలు కారణం, నా కుడికంట్లో శుక్లం దిగింది. వెళితే ఆయన రెప్ప లాగుతారు, ఆపరేషన్ అంటారు. నాకు కత్తి అంటే భయం. ఆ భయం కొద్దీ, కొద్దిగా తగ్గాక వెళదాం, ఎండలు పోయాక వెళదాం అనుకుంటూ గడిపేశాను. తగ్గేది కాదని మధ్య పేజీల చదువుకైనా తెలుసు.

శుక్రవారం వెళ్ళాను. తమ్ముడి కూతురు మంచినీళ్ళిచ్చి, "మీరేనాండీ, బెజవాడలో పుస్తకాలు కుట్టే ఆయన? వస్తారని పెదనాన్న గారు చెబుతుండేవారు" అంది. నేనేదో సర్దిచెప్పబోయాను. "వచ్చారుగా అండీ" అంది. నిష్ఠూరం లేకుండా అంది. ఉంటే బాగుండేది.

సమాధుల దొడ్డి ఊరి చివర, చేలని ఆనుకుని ఉంది. ఆ అమ్మాయి దారి చూపించి, చంటిపిల్ల ఏడుస్తోందని వెనక్కి వెళ్ళింది. కొత్త మట్టి తడిగా ఉంది. చూడటానికేమీ లేదు. చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

పక్క చేలో నాట్లు వేస్తున్నారు. వరసలో ఉన్న ఒకావిడ నడుం ఎత్తి, బురద చెయ్యి నుదుటికి తగలకుండా ఎండకి అడ్డం పెట్టుకుని, ఎవరా అని నా మొహంలోకి చూసింది. నేనూ చూశాను. తెలిసిన మనిషిని కానని రూఢి చేసుకునేదాకా చూసి, మళ్ళీ వంగి నాటుకుంటూ వెనక్కి వెనక్కి వెళ్ళిపోయింది.