చింతపండు పెట్టి తోమిన శంఖం

ఏకాదశి నాటి ఉదయం మా ఆవిడ ఇత్తడి కుందులతో పాటు శంఖాన్ని కూడా చింతపండు పెట్టి తోమేసింది. కుందులు తళతళలాడాయి. శంఖం మాత్రం నునుపు పోయి, వెలిసిన గోడలా తయారైంది. మా భజన బృందం రామేశ్వరం వెళ్ళినప్పుడు తెచ్చుకున్న శంఖం అది. సాయంత్రం రామమందిరంలో దాన్ని ఊదితే గాని భజన మొదలవదు. ఊదేది నేనే.

"దేవుడి వస్తువు పాడు సేసేనండి. దీని గొంతు పోనాదేమో," అంటూ గుమ్మంలో కూలబడింది.

హరి చేతిలోని శంఖం గురించి నేను గంటసేపు చెప్పగలను. చింతపండు సంగతి ఏ పురాణంలోనూ వినలేదు.

డిగ్రీలో జువాలజీ చదువుతున్న మా అమ్మాయి, ఫోనుకు తగిలించే బుల్లి భూతద్దం పట్టుకొచ్చింది.

"ఏటే, దేవుడికి ఎక్స్‌రే తీస్తావేటి?" అంది తల్లి.

"దేవుడికి కాదమ్మా, నత్తకి. ఇటు సూడు."

ఊదడానికి కొన కోసిన చోట అద్దం ఆనించింది. తెల్లటి రాయి అనుకున్నది కాస్తా ఫోనులో చాప అల్లికలా కనబడింది. ఒక వరస ఇటు వాలితే, పక్క వరస అటు వాలింది.

"ఇదంతా సున్నమే నాన్నా. సముద్రపు నత్త తన గుల్ల కోసం సన్నటి పలకల్ని ఇలా ఎదురెదురుగా పేర్చుకుంటాది. పగులు ఒక వరసలో బయల్దేరితే పక్క వరస అడ్డుకుంటాది. పులుపు తగిలితే సున్నం కరుగుతాది. అమ్మ కరిగించింది పైపైనే."

"మరి లోపలి ఎరుపో?" అంది మా ఆవిడ, శంఖం నోట్లోని లేత ఇటుక రంగును వేలితో తడిమి.

"అది పూత కాదమ్మా. గుల్ల కట్టుకున్నప్పుడే సున్నంలో రంగు కలిపేసుకుంది. నువ్వు తోమితే పోయేది కాదు."

ఇన్నాళ్ళూ నేను పెదవి ఆనించింది ఆ అల్లిక మీదే. సముద్రం అడుగున, చూసేవాళ్ళెవరూ లేని చోట, నత్త చేత ఇంత శ్రద్ధగా పని చేయించిందెవరో నాకు సందేహం లేదు. అంతర్యామి అని సత్సంగంలో ఎన్నిసార్లు అన్నానో. ఆ మాటకు అర్థం మా వసారాలో, ఫోనులో దొరికింది.

ఒకసారి ఊది చూద్దామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

"పరీక్షకి ఊదకండి. ఏదైనా స్వామి ముందే తేలనీండి."

సాయంత్రం మందిరంలో ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మా ఆవిడ ద్వారం పక్కన నిలబడింది. నేను గుండె నిండా ఊపిరి పీల్చి ఊదాను. నాదం నిండుగా వచ్చింది. రోడ్డు మీద చెరకు ట్రాక్టరు హారన్ కూడా అందులో కలిసిపోయింది. నాదం ఆగేలోపే ఆవిడ ముందుకొచ్చి భజన తాళాలు అందుకుంది.

ఇంటికి నడుస్తుంటే అంది: "ఎప్పుడూ లేంది ఇయ్యాల బాగా ఊదేరు."

"చింతపండు మహిమేమో. ప్రతి ఏకాదశికీ తోముతావేటి?"

"కుందులే తోముతాను. శంఖానికి ఒట్టి నీళ్ళు చాలు. పాపం, ఎంత ఓపిగ్గా కట్టుకుందో."