మనిషికి అర సీటు

తిరుపతి నుంచి నగరి పోయే బస్సు ఆ పొద్దు ఎంత కిక్కిరిసిందంటే, నేను వీపు గోక్కుంటే పక్కాయన దురద తీరింది. నమ్మకపోతే ఆయన్నే అడగండి. అంత రద్దీలో ఒక పరిశోధకుడు కిటికీ పక్కన కూర్చుని, కాగితాలు నలుగుతాయని పక్క సీట్లో తన సంచిని కూర్చోబెట్టినాడు. పైగా జిల్లాలో సగటు ఆదాయం పెరిగిందని వడమాలపేట నుంచి మా ప్రాణాలు తోడేస్తున్నాడు.

పుత్తూరులో ఒక ముసలి నేతగాడు ఎక్కినాడు. విరిగిన చేతికి అప్పుడే కట్టు కట్టించుకున్నాడు. ఆ చెయ్యి సరిగ్గా అతక్కపోతే ఇంట్లో మగ్గం ఆగిపోతుంది. బస్సు కుదిపినప్పుడల్లా ఎవరో ఒకరు దానికి తగులుతానే ఉన్నారు.

"ఇంతకీ సగటంటే ఏమబ్బా?" అని విసుగ్గా అడిగినాను.

"ఈ బస్సే చూడండి. మనిషికి సగటున అర సీటు ఉంది."

"నా అర సీటు యాడుండాది సామీ?" అన్నాడు ముసలాయన.

పరిశోధకుడు సంచిని ఒళ్ళోకి తీసుకున్నాడు. ముసలాయన కూర్చుని, కట్టు కట్టిన చేతిని ఆ సంచి మీదే ఆనించి కునుకు తీసినాడు.

"ఇప్పుడు సగటు ఎంత పెరిగిందప్పా?" అన్నాను.

"పెరగలేదండీ. అంతే ఉంది," అన్నాడాయన మెల్లగా. ముసలాయన చెయ్యి కదులుతుందని నగరి దాకా సంచి కదిలించలేదు.

ఇప్పటికీ రేడియోలో సగటు పెరిగిందని చెప్తే, సంచి యాడ కూర్చోనుండాదో అని వెతుకుతాను.