ఎవెలియో చేతులు కట్టుకున్న శుక్రవారం

మతాన్సాస్ ఊళ్ళో ఎవెలియో కర్రసానా చేతికి పాడైన వస్తువు ఏదైనా ఇవ్వొచ్చు. ఆయన చేత నాలుగు మాటలు మాట్లాడించడం మాత్రం ఎవరి తరమూ కాదు. ముప్పయ్యేళ్ళు తాళ్ళ ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేశాడు. నలభై అయిదో ఏట, ఆఫీసువాళ్ళు పారేసిన కంప్యూటర్ ఒకటి ఇంటికి మోసుకొచ్చి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. గురువు ఒక పాత పుస్తకం. దానికి మొదటి నలభై పేజీలు లేవు. కంప్యూటర్ వల్ల మానవాళికి కలిగే మేళ్ళన్నీ ఆ పేజీల్లోనే ఉన్నాయని చాలాకాలానికి తెలిసింది. అవి లేకపోబట్టి తనకు రెండు నెలలు కలిసొచ్చాయని ఆయన అభిప్రాయం.

ఇప్పుడాయనకు అరవై మూడేళ్ళు. ఫ్యాన్లు, రైస్ కుక్కర్లు బాగుచేసే సహకార సంఘం షాపులో కిటికీ పక్క బల్ల ఆయనది. ప్రోగ్రాములు నేర్చుకోవాలనుకునేవాళ్ళూ ఆ బల్ల దగ్గరికే వస్తారు. వాళ్ళకు ఒకటే షరతు. ఎవెలియో శిష్యుల కీబోర్డు ముట్టుకోడు. తప్పు కళ్ళెదుట కనిపిస్తున్నా సరే, రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చుంటాడు. ఇంకొకరు చేసిపెట్టిన పని చేతికి పట్టుబడదని ఆయన నమ్మకం.

ఈ షరతుతో అందరికంటే ఎక్కువ అవస్థ పడింది నెరేయిదా. షాపులో ముందు కుర్చీ ఆమెది. వచ్చినవాళ్ళ వస్తువులు తీసుకోవడం ఆమె పని. నలభై నాలుగేళ్ళ మనిషి. ఊళ్ళో సగం మంది పేర్లు, మిగతా సగం మంది తగాదాలు ఆమెకు కంఠతా వచ్చు. షాపులో తగాదాలకు మూలం క్యూ. అక్కడ క్యూ అంటే ఒకరి వెనక ఒకరు నిలబడటం కాదు. వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగి "చివరెవరు?" అని అడుగుతారు. ఎవరో చెయ్యెత్తుతారు. ఆ మొహం గుర్తుపెట్టుకుని బాదం చెట్టు నీడకో, బ్రెడ్డు కొనడానికో పోతారు. అంతా సవ్యంగానే జరుగుతుంది, నీలం గౌను ఆవిడ వెనక తానని గుర్తుపెట్టుకున్నవాడు తిరిగొచ్చేసరికి ఆవిడ ఇంటికెళ్ళి పచ్చ గౌను వేసుకొచ్చేదాకా.

మేనేజరు ఒస్ముందోకి ఇదంతా నామోషీగా తోచింది. గోడకు ఒక స్క్రీను బిగించాడు.

"శుక్రవారం నుంచి పేర్లు దీని మీదే. నెరేయిదా, నేర్చుకుంటున్నావుగా, ప్రోగ్రాము నువ్వే రాయి. పనిచేసిందా, ఈ కుర్చీ నీదే. చెయ్యలేదా, వెనక గోడౌన్‌లో లెయోనెల్ పక్కన కూర్చుని కాలిపోయిన తీగలు ఏరుకుందువు గాని."

లెయోనెల్ మంచివాడే. కాకపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే పాట ఈల వేస్తాడు, అదీ సగం వరకే. గోడౌన్‌కి కిటికీ లేదు. అటు మనుషులు రారు. మనుషులు రాని చోట నెరేయిదా మూడు రోజులు కూడా నిలవలేదని షాపంతటికీ తెలుసు.

మంగళవారం ఆమె తన ప్రోగ్రాము పట్టుకుని ఎవెలియో బల్ల దగ్గరికి వచ్చింది.

"మేష్టారూ, ఇవాళొచ్చిన పది మంది పేర్లూ ఎక్కించా. పిలవమంటే యోర్దాంకా అంటుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ యోర్దాంకానే. ఆవిడ దీనికేమన్నా చుట్టమా?"

ఎవెలియో స్క్రీను చివరిదాకా చదివాడు. "పేర్లు దేన్లో వేస్తున్నావు?"

"'చివర' అని ఒక వేరియబుల్ పెట్టా. వచ్చినవాళ్ళని వచ్చినట్టు దాన్లో వేస్తున్నా."

"అంతేనా?"

"ఇంకేం కావాలి? చివరెవరో తెలిస్తే చాలుగా. ఆవిడ ముందెవరో ఆవిడకు తెలుసు, ఆయన ముందెవరో ఆయనకు తెలుసు. మా అమ్మ పుట్టకముందు నుంచీ ఇట్లాగే నడుస్తోంది."

"వాళ్ళకి బుర్రలున్నాయి తల్లీ. దీనికి లేదు."

తన కాఫీ కప్పు ముందుకు జరిపాడు. "ఇది నీ వేరియబుల్. నీళ్ళు పొయ్యి దీన్లో."

"కాఫీ ఉందిగా."

"ఈ యంత్రం నీలాగా అడగదు. ఉన్నది పారబోసి కొత్తది పోసుకుంటుంది. పది మంది వస్తే తొమ్మిది మందిని పారబోశావు."

నెరేయిదా కాసేపు కప్పులోకి చూసి "పాపం" అంది.

ఎవెలియో బల్ల కింద నుంచి కోడిగుడ్ల అట్ట తీసి, ఒక్కో గుంటలో ఒక్కో మరమేకు వేశాడు. "దీన్ని అర్రే అంటారు. పేరు ఒకటే, గుంటలు చాలా. ఎవరి గుంట వాళ్ళది. గుంటలకు నంబర్లు సున్నా నుంచి..."

అంతలో ఒకావిడ మూత రాని ప్రెషర్ కుక్కరు పట్టుకుని వచ్చింది, లోపల ఉడికిన నల్ల చిక్కుళ్ళతో సహా. ఇంటి దగ్గర ఆరుగురు కంచాల ముందు కూర్చున్నారట. నెరేయిదా అటు పరిగెత్తింది. 'సున్నా' అన్న మాట ఆమె చెవిన పడిందో లేదో ఎవెలియో చూసుకోలేదు. ఒక మాట రెండుసార్లు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

శుక్రవారం ఎనిమిదింటికి తొమ్మిది మంది ఉన్నారు. అందరికంటే ముందొచ్చింది ఎనభయ్యేళ్ళ యూఫ్రాసియా బామ్మ, ఒళ్ళో రైస్ కుక్కరుతో. నెరేయిదా తొమ్మిది పేర్లూ వరసగా ఎక్కించింది. టై కట్టుకొచ్చిన ఒస్ముందో "ఊఁ, కానీ" అన్నాడు. ఆమె నొక్కింది. స్క్రీను మీద రెయ్‌నేరియో పేరు వెలిగింది. చేపలు పట్టే రెయ్‌నేరియో బెంచీ మీద నుంచి కదల్లేదు.

"వెళ్ళవయ్యా, పిలిచిందిగా," అన్నాడు ఒస్ముందో.

"నేను బామ్మ వెనక సార్. బామ్మ వెళ్ళకుండా నేనెట్లా వెళ్తాను? రేపు వీధిలో తలెత్తుకు తిరగాలా వద్దా?"

"స్క్రీను పొరబడదు."

"అయితే అదెవరి వెనకో కనుక్కోండి," అంది బామ్మ. "నేను అయిదింటికొచ్చా. అప్పటికది కళ్ళు కూడా తెరవలేదు."

నెరేయిదా మళ్ళీ నొక్కింది. మూడో మనిషి తాను రెయ్‌నేరియో వెనకన్నాడు. నాలుగో మనిషి మూడో మనిషి వెనక. ఇలా బామ్మది తప్ప అందరి పేర్లూ వెలిగి ఆరిపోయాయి గానీ ఒక్కరూ లేవలేదు. తొమ్మిదో పేరు తర్వాత ఇంకోసారి నొక్కేసరికి ఎర్రటి గీత ఒకటి వచ్చి యంత్రం నిలిచిపోయింది.

"ఇప్పుడెవర్ని పిలిచింది?" అంది బామ్మ.

"లేనాయన్ని," అన్నాడు ఎవెలియో.

"ఆయన్ని వెళ్ళమనండి. ఆయనెవరి వెనకా కాదుగా."

షాపంతా నవ్వింది. ఒస్ముందో చెవులు ఎర్రబడ్డాయి. "మేష్టారూ, మీరు కాస్త చెయ్యి వెయ్యండి. ఒక్క నిమిషం పని."

"నిమిషం కూడా పట్టదు," అన్నాడు ఎవెలియో.

"మరింకేం?"

"ముట్టుకోను."

ఒస్ముందో గోడౌన్ వైపు తిరిగి కేకేశాడు. "లెయోనెల్, ఆ రెండో స్టూలు దులిపి పెట్టు."

లోపల ఈల ఆగింది.

మార్చాల్సింది ఒక్క అంకె. ఎవెలియోకి కనిపిస్తూనే ఉంది. వేళ్ళు వాటంతటవే చంకల్లోంచి జారుతుంటే మళ్ళీ లోపలికి తోశాడు. షరతు తనది, కుర్చీ ఆమెది. ఇది న్యాయమేనా అన్న అనుమానం ఆయనకు మొదటిసారి కలిగింది. నెరేయిదా ఆయన వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు.

ఆమె యంత్రం వైపు తిరిగి, లోపలున్న పేర్లన్నీ ఒకేసారి చూపించమంది. బామ్మ పేరు అన్నిటికంటే పైనే ఉంది. అయితే ఎవర్నీ పారబొయ్యలేదు. ఉండీ పిలవడం లేదు, అంతే.

"రెయ్‌నేరియో, నీ ముందు ఎంతమంది?"

"ఒక్కరే. బామ్మ."

"బామ్మా, మీ ముందో?"

"నా ముందా? ఉంటే ఈపాటికి వాళ్ళ సంగతి చూసి ఉండేదాన్ని."

"ఎంతమందో అంకె చెప్పండి బామ్మా."

"సున్నా. చదువుకుంటున్నదానివి, అది కూడా నేనే చెప్పాలా?"

నెరేయిదా చెయ్యి గాల్లో ఆగింది. రెయ్‌నేరియో ముందు ఒక్కరు, ఆయనది ఒకటో గుంట. బామ్మ ముందు ఎవరూ లేరు, ఆవిడది సున్నా. తానేమో ఒకటి నుంచి పిలుస్తోంది. ఆమె ఒకటి చెరిపి సున్నా వేసింది. వెంటనే నొక్కలేదు. ఎప్పుడూ చివరే వచ్చే యోర్దాంకా వైపు తిరిగింది.

"నీ ముందు?"

"ఎనిమిది మంది. మా ఆయన నిద్ర లేపకపోతే నేనేం చెయ్యను?"

అంటే యోర్దాంకాది ఎనిమిదో నంబరు గుంట. పిలుపేమో లేని తొమ్మిదో నంబరు గుంట దాకా పొమ్మని రాసి ఉంది. ఎంతమంది ఉంటే దానికి ఒకటి తక్కువ దగ్గర ఆగేట్టు మార్చింది. ఇది ఎవరూ అడగని దిద్దుబాటు. అది చూసి ఎవెలియో "ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ' వినడానికి ఇదివరకు ఇద్దరు శిష్యులకు రెండేసి సంవత్సరాలు పట్టింది.

బామ్మ పేరు వెలిగింది. "ఇప్పుడు దారికొచ్చింది" అంటూ ఆవిడ కుక్కరు ఎత్తుకుని లేచింది. బెంచీ మీద అందరూ స్థిమితపడ్డారు. గోడౌన్‌లో లెయోనెల్‌కి మాత్రం ఎవరూ కబురు చెప్పలేదు. అతను స్టూలు దులుపుతూనే ఉన్నాడు.

ఒస్ముందో నవీన యుగం గురించి మూడు నిమిషాలు మాట్లాడాడు. తర్వాత తన గదిలోంచి ఇంటి ఫ్యానొకటి తెచ్చి, నేరుగా ఎవెలియో బల్ల వైపు నడిచాడు.

"సార్, పేరు?" అంది నెరేయిదా.

"నా పేరు నీకు తెలీదా?"

"తెలుసు సార్. ఎక్కించేశా. బామ్మతో కలిపి మీ ముందు తొమ్మిది మంది."

ఒస్ముందో స్క్రీను వైపు చూశాడు. దాన్ని బిగించింది తనే. ఫ్యాను ఒళ్ళో పెట్టుకుని యోర్దాంకా పక్కన కూర్చున్నాడు.

"మీరు నా వెనకే కదూ సార్?" అంది యోర్దాంకా. "నా కుక్కరు కాస్త చూస్తుండండి. ఇంటికెళ్ళి పొయ్యి కట్టేసి వస్తా."